రెండో సీటు

టికెట్ల ఆఫీసు, కిటికీ పక్క బల్ల
ఫిబ్రవరి 3

పిట్టకు,

టికెట్టు ఇందులోనే పెట్టాను. కవరు కత్తెరతో కాకుండా చేత్తో చింపు. నీ కత్తెరకు కనబడిందల్లా గుడ్డే.

పదకొండున బయలుదేరుతున్నావు. తిరుగు ప్రయాణం మార్చి 4 అని వేశాను. "ఎప్పుడొస్తానో తెలీదక్కా, అది ఖాళీగా వదిలెయ్" అన్నావు గానీ అలా వదలడం కుదరదు. కౌంటరు దగ్గర మొదట అడిగేదే తిరిగి వచ్చే టికెట్టు ఉందా అని. అందుకని ఏదో ఒక తేదీ వేసి, తర్వాత మార్చుకునే వీలున్న రకం తీశాను. ముప్పై ఏళ్ళుగా ఈ బల్ల దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళందరికీ చెప్పేదే నీకూ చెబుతున్నాను, చెవిన పెట్టు. తేదీ ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. కానీ విమానం కదలక ముందే మార్చాలి. కదిలాక కాళ్ళావేళ్ళా పడ్డా లాభం లేదు. ఏడాది దాటితే అది ఉత్త కాగితం. మార్చాలనిపిస్తే నాకు ఫోను చెయ్యి, లేదా అక్కడున్న విమానాల ఆఫీసుకు వెళ్ళు.

ఫోను టికెట్టు పనికి మాత్రమే. మిగతా కబుర్లన్నీ ఉత్తరాల్లోనే. అమ్మ పోయాక మనం ఫోనులో మాట్లాడుకున్న ప్రతిసారీ మూడో నిమిషానికి ఎవరో ఒకరం విసురుగా పెట్టేశాం. ఉత్తరంలో ఎంత అరిచినా పక్కింటికి వినబడదు.

పని పెద్దదేం కాదు. పిన్ని గురించి మనకు తెలిసిందెంత? పెళ్ళి చేసుకోలేదనీ, పరాయి దేశంలో ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపిందనీ, అమ్మకూ తనకూ మాటల్లేవనీ. అంతేగా. ఆమె ఇరవై రెండేళ్ళ కిందటే ఇల్లు మన ఇద్దరి పేర రాసిపెట్టిందని ఆమె పోయాక ప్లీడరు రాస్తే గాని తెలియలేదు. రెండు గదులు, మూడో అంతస్తు, బస్సు డిపో ఎదురుగా. సామాను తీసేసి, కొనేవాళ్ళకు చూపించి, తాళం చెవి ప్లీడరు చేతిలో పెట్టి వచ్చెయ్. మూడు వారాలు చాలు. నేనే వెళ్ళేదాన్ని, సెలవు దొరకలేదు.

ఇంట్లో ఇంకెవరైనా ఉంటే నాకు రాయి.

అక్క


పిన్ని ఇల్లు, మూడో అంతస్తు
ఫిబ్రవరి 14

అక్కకు,

క్షేమంగా చేరాను. కౌంటరు దగ్గర నువ్వన్నట్టే తిరుగు టికెట్టు అడిగారు. మార్చి 4 అని చూపిస్తే ఆ పిల్ల నవ్వి పంపించింది. ఆ తేదీ మీద నాకు లేని నమ్మకం ఆమెకు కుదిరింది.

లిఫ్టు లేదు. అరవై రెండు మెట్లు, లెక్కపెట్టాను. తలుపు తెరవడం కష్టం కాలేదు. ముందు గదిలో ఒక మంచం, ఒక బీరువా, కిటికీ కింద గుండ్రటి బల్ల. కిటికీలోంచి చూస్తే డిపో మొత్తం కనబడుతుంది. బస్సులన్నీ తలలు ఒకే వైపు పెట్టి పడుకున్న గేదెల్లా ఉంటాయి. తెల్లవారుజామున ఒకటి దగ్గుతుంది, వెంటనే మిగతావన్నీ అందుకుంటాయి. పిన్ని డ్రైవరు కోటు బీరువాలో ఉంది. ముదురు నీలం, మోచేతుల దగ్గర లోపలి వైపు నుంచి అతుకులు. కుట్టినవాళ్ళకు కుట్టు రాదు గాని ఓపిక చాలా ఉంది.

ఇల్లంతా శుభ్రంగా ఉంది. గిన్నెలు తళతళలాడుతున్నాయి. కుండీలో మొక్క కూడా పచ్చగానే ఉంది.

నేను లేనని నా కుట్టు కొట్టు దగ్గర బ్యాంకావిడ గొడవ చేస్తే, ఆవిడ కోటు నేను వచ్చాకే కుట్టి ఇస్తానని బావను చెప్పమను.

పిట్ట


టికెట్ల ఆఫీసు
ఫిబ్రవరి 26

పిట్టకు,

నీ ఉత్తరం నిన్న అందింది. దానికంటే ముందే నీ ఫోను వచ్చింది. మార్చి 4ను మార్చి 25 చెయ్యమన్నావు. ఎందుకని అడిగితే "పని తెమల్లేదక్కా" అని నీళ్ళు నమిలావు. మార్చాను. ఇది నా పనే కాబట్టి కారణం అడక్కుండా మార్చడం నాకు అలవాటే.

కానీ నేను నీ అక్కను కూడా. నువ్వు వెళ్ళేసరికే పిన్ని పోయి ఆరు వారాలైంది. ఆరు వారాలు మూసి ఉన్న ఇంట్లో గిన్నెలు తళతళలాడతాయా? కుండీలో మొక్కకు నీళ్ళెవరు పోశారు, డిపోలో బస్సులా? "తలుపు తెరవడం కష్టం కాలేదు" అని రాశావు. తాళం ఎవరిచ్చారో రాయలేదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగితే ఎవరికీ కనబడదనుకుంటుంది.

మీ బావ ప్రతి ఆదివారం రెండు గంటలు బస్సులో వెళ్ళి మరీ నీ కొట్టు దుమ్ము దులిపి వస్తున్నారు. బ్యాంకావిడ దారిలో పట్టుకుని దులిపేసిందట, ఆయన్ని. "నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదమ్మా" అని బతిమాలుకుని బయటపడ్డారు.

ఉన్నదున్నట్టు రాయి.

అక్క


పిన్ని ఇల్లు
మార్చి 9

అక్కకు,

సరే. ఇంట్లో ఒకాయన ఉన్నాడు.

నేను వచ్చిన రోజు తలుపు తట్టింది అలవాటు కొద్దీ. లోపలి నుంచి తలుపు తెరుచుకుంది. డెబ్భై దాటిన మనిషి, తెల్ల మీసం, చేతిలో గరిట. ఇక్కడి మనిషే, మన భాష వాడు కాదు. నన్ను ఎగాదిగా చూసి, "రావయ్యా, రా. మెట్లెక్కి అలిసిపోయావు. కూచో ముందు" అన్నాడు. తెలుగులో! నేను నిలబడ్డచోటే సంచీ మీద కూలబడ్డాను.

డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. పద్దెనిమిదేళ్ళుగా పిన్నీ ఆయనా ఈ ఇంట్లోనే ఉన్నారు. జీవితంలో ఆయన విన్న తెలుగంతా పిన్ని ఆయనతో మాట్లాడిందే. అందుకని ఆడా మగా అందరినీ "ఏమయ్యా" అంటాడు. కాదు అని చెప్పాలంటే "నీ తలకాయ్" అంటాడు, చాలా మర్యాదగా. టీలో చక్కెర సరిపోయిందా అంటే "నీ తలకాయ్, ఇంకొంచెం వెయ్యి" అని చెంచా నా వైపు తోస్తాడు. అక్కా, నవ్వు వస్తుంది. మొన్న గిన్నె జారి పడితే "చేతులకేమైనా వెన్న రాసుకున్నావా" అన్నాడు. అది అమ్మ మాట, అచ్చం ఆ సాగదీతతో. అమ్మ నుంచి పిన్నికి, పిన్ని నుంచి ఈయనకు. మనం అమ్మ గొంతు ఆరేళ్ళుగా వినలేదనుకుంటున్నాం, అదిక్కడ వంటింట్లో గిన్నెలు కడుగుతోంది.

నీకు ఎందుకు రాయలేదంటే, రాస్తే "ఖాళీ చెయ్యమను" అంటావని. ఆయన్ని ఒకరు ఖాళీ చెయ్యమనాల్సిన పని కూడా లేదు. నేను వచ్చిన రోజే రెండు అట్టపెట్టెలు కట్టి గుమ్మం పక్కన పెట్టి ఉంచాడు. డిపో పెన్షనర్ల హాస్టల్లో గదికి నలుగురట, ఒక మంచం మాట్లాడుకున్నాడు. "ఇల్లు మీది. కాగితంలో అలాగే ఉంది. అది రాసినప్పుడు నేనింకా ఆమె బస్సు కింద పడుకుని నట్లు బిగించేవాణ్ణి, అంతే" అన్నాడు. ఇంకో కాగితం రాయమని పిన్నిని ఎప్పుడూ అడగలేదట.

గురువారం కొనేవాళ్ళు వచ్చారు. పళ్ళ డాక్టరూ, ఆయన భార్యా. నాకు ఇక్కడి భాష రాదు కదా, ఇల్లంతా ఈయనే చూపించాడు. ప్రతిదీ నాకు మళ్ళీ తెలుగులో చెప్పాడు, నేనేదో తప్పు పట్టుకుంటానన్నట్టు. "కుళాయి సగమే తిప్పాలి, పూర్తిగా తిప్పితే కారుతుంది, చెప్పాను. ఈ కిటికీ చలికి బిగుసుకుంటుంది, చెప్పాను. పొద్దున్నే బస్సుల చప్పుడుకు మొదటి వారం నిద్ర పట్టదు, తర్వాత చప్పుడు లేకపోతే నిద్ర పట్టదు, అదీ చెప్పాను." డాక్టరు భార్య మీరెవరని అడిగింది. ఆయన కొంచెం ఆలోచించి ఏదో అన్నాడు. ఆవిడ టీ కప్పు బల్ల మీద పెట్టేసి, మొగుడి మొహం చూసి లేచింది. వాళ్ళు వెళ్ళాక ఏమన్నారని అడిగాను. "ఇక్కడ ఉండేవాణ్ణి అన్నాను. నిజమే కదయ్యా?"

ఇల్లు నేను అమ్మలేను. నువ్వేమన్నా సరే.

ఇంకొకటి. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగాను. ఆయన అడిగాడట, ఒకటికి మూడుసార్లు. పిన్ని ఏమందో తెలుసా? "మా అక్క వచ్చి పక్కన నిలబడితే చేసుకుంటా" అందట. అమ్మ పక్కన నిలబడాలని, అమ్మ పోయేదాకా పన్నెండేళ్ళు ఎదురుచూసింది. ఇదంతా అమ్మకు తెలుసా? నీకు తెలుసా?

పిట్ట


మా ఇల్లు, వంటింటి బల్ల
మార్చి 19

పిట్టకు,

ఇది ఆఫీసులో రాసేది కాదని ఇంటికి తెచ్చుకున్నాను. మీ బావను బజారుకు పంపించాను.

నాకు తెలుసు.

పదకొండేళ్ళ కిందట ఆఫీసుకు ఒక ఫోను వచ్చింది. "ఇద్దరికి టికెట్లు కావాలి. తిరిగి ఎప్పుడు వెళ్తామో తెలీదు, తేదీ మార్చుకునేలా ఉండాలి" అంది ఒకావిడ. పేర్లు చెప్పింది. మొదటి పేరు రాసి నా చెయ్యి ఆగిపోయింది. "పిన్నీ?" అన్నాను. "నువ్వు ఆ ఆఫీసులో ఉన్నావని తెలిసే చేశానే" అంది. రెండో పేరు ఎవరిదో నేనడగలేదు, ఆమె చెప్పలేదు, అర్థమైంది. "మేమిద్దరం వస్తే గుమ్మంలోకి రానిస్తుందో లేదో మీ అమ్మనడుగు" అంది.

అడిగాను. అమ్మ ఉతికిన దుప్పటి మడతపెడుతోంది. తల ఎత్తలేదు. "ఒక్కతే వస్తే రమ్మను" అంది. నేను ఆ మాట పట్టుకెళ్ళి పిన్నికి యథాతథంగా చెప్పాను, విమానం ఎన్ని గంటలకో చెప్పినట్టు. కొంచెం మెత్తగా చెప్పొచ్చు, కొన్నాళ్ళు ఆగమనొచ్చు. అదేమీ తోచలేదు.

ఆమె టికెట్లు రద్దు చెయ్యమనలేదు. "తేదీ జరుపు" అంది. రెండు నెలలకోసారి ఫోను చేసి జరిపించేది. ఏడాది అయిపోతే కొత్త జత. అలా అయిదేళ్ళు. ప్రతిసారీ చివర్లో అడిగేది, "మీ అమ్మ ఏమైనా అందా?" అని. "లేదు పిన్నీ" అనేదాన్ని. ఇది అబద్ధం కాదు పిట్టా, కానీ అబద్ధం కంటే అన్యాయం. ఆ మొదటిసారి తర్వాత నేను అమ్మను మళ్ళీ అడగనే లేదు. ఇల్లు నెమ్మదిగా ఉంది, పోయే కంపను తగిలించుకోవడం ఎందుకనుకున్నాను. అడిగి ఉంటే అమ్మ మెత్తబడేదేమో. అదిప్పుడు ఎవరు చెప్పగలరు?

అమ్మ పోయిందని నేనే ఉత్తరం రాశాను. ఆ తర్వాత ఫోన్లు ఆగిపోయాయి. నేనూ చెయ్యలేదు, ఏ మొహం పెట్టుకుని చెయ్యను? పోయిన సెప్టెంబరులో మళ్ళీ తనే చేసింది. ఈసారి ఆమె అడక్క ముందే నేను అన్నాను, "ఇద్దరూ మా ఇంటికే రండి పిన్నీ" అని. తర్వాత "కిటికీ పక్క సీటు ఆయనకివ్వు, మేఘాలు ఎప్పుడూ చూడలేదు" అంది. మార్చి 12కు రెండు సీట్లు వేశాను. జనవరిలో ప్లీడరు ఉత్తరం వచ్చింది.

ఆమె టికెట్టు రద్దు చేశాను. ఆయన పేరు దగ్గర మాత్రం చెయ్యి రాలేదు. తేదీ తీసేసి అలాగే ఉంచాను. ఈ సెప్టెంబరు దాకా అది చెల్లుతుంది.

నాకు సెలవు దొరక్క నిన్ను పంపలేదు. ఆ ఇంటి గుమ్మంలో నిలబడే ధైర్యం లేక పంపాను. ఇల్లు అమ్మెయ్యమని తొందరపెట్టిందీ అందుకే. ఇల్లు పోతే ఈ సంగతి కూడా దాంతో పోతుందనుకున్నాను.

ఇంక నువ్వేమైనా అను.

అక్క


టికెట్ల ఆఫీసు
ఏప్రిల్ 16

పిట్టకు,

నీ నుంచి ఉత్తరం లేదు. నా ఉత్తరం అందలేదేమో అనుకోవడానికి కూడా లేదు. నీ టికెట్టు నాకు ఇక్కడ కంప్యూటర్లో కనబడుతుంది. మార్చి 25 కాస్తా ఏప్రిల్ 20 అయింది. మొన్న సోమవారం జూన్ 30 అయింది. రెండుసార్లూ అక్కడి ఆఫీసుకే వెళ్ళి మార్పించుకున్నావు, నాకు ఫోను చెయ్యకుండా.

రోజూ పొద్దున్న కుర్చీలో కూర్చోగానే మొదట నీ పేరు కొట్టి చూస్తున్నాను. తేదీ మారిందంటే నువ్వు లేచి, చెప్పులేసుకుని, అరవై రెండు మెట్లు దిగి, ఆ ఆఫీసు దాకా నడిచావన్నమాట. బాగానే ఉన్నావన్నమాట. ఈమాత్రం తెలిస్తే చాలని సరిపెట్టుకుంటున్నాను.

రాననే అనుకున్నావా? అలా అయితే అది కూడా రాయి. మీ బావ బ్యాంకావిడకు జూలై అని చెప్పారు. ఆవిడ నమ్మినట్టే ఉంది.

అక్క


పిన్ని ఇల్లు
ఏప్రిల్ 27

అక్కకు,

కోపం పోయిందని రాయను. తగ్గింది. నీ ఉత్తరం చదివిన రోజున నీ ముందు ఉంటే ఏమనేదాన్నో నాకే తెలియదు. రాయడం వల్ల మేలే జరిగింది. రాద్దామని కూర్చున్న ప్రతిసారీ మొదటి వాక్యం దగ్గరే కాగితం చించేశాను.

ఇక్కడే ఉండిపోదామని కూడా అనిపించింది. కింద అంతస్తులో ఒకావిడ పాత మిషను ఇస్తానంది. పిన్ని లాగా నేనూ ఎవరికీ జవాబు చెప్పకుండా బతకొచ్చు కదా అని. పది రోజులు ఆ ఊహలోనే ఉన్నాను.

నీ ఉత్తరం ఆయన దగ్గర దాచాను. పదిహేను రోజులు దాగింది. ఒక సాయంత్రం భోజనం దగ్గర చెంచా పక్కన పెట్టి, "ఏమయ్యా, ఆ ఉత్తరం వచ్చినప్పటి నుంచి కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తున్నావు. చదువు, వింటాను" అన్నాడు. చదివాను. ఒక్క ముక్క కూడా వదల్లేదు, "అబద్ధం కంటే అన్యాయం" అన్నది కూడా.

ఆయనకు అన్నీ తెలుసు అక్కా. పిన్ని నీకు ఫోను చేసినప్పుడల్లా ఈ గుండ్రటి బల్ల దగ్గర ఆయన ఎదురుగానే కూర్చునేవాడట. నువ్వు "లేదు పిన్నీ" అనగానే ఆమె ఫోను పెట్టేసి ఆయనతో అనేదట, "పిల్ల అడగలేదయ్యా. దానికి ధైర్యం చాల్లేదు పాపం" అని. మొదటి ఏడాదే తెలిసిపోయింది ఆమెకు. అన్నేళ్ళు బస్సు నడిపిన మనిషి, టికెట్టు కొన్నవాడెవడో కొననివాడెవడో అద్దంలో చూసి చెప్పేసేదట.

"మరి తెలిసి మళ్ళీ మళ్ళీ ఎందుకు చేసేది?" అని అడిగాను.

ఆయన నన్ను మొద్దును చూసినట్టు చూశాడు. "తేదీ మార్చుకునే టికెట్టే ఎందుకు కొనేది? మార్చాలంటే ఫోను చెయ్యాలి కదయ్యా. ఫోను చేస్తే మీ అక్క మాట్లాడుతుంది. మీ నాన్న కాలు ఎలా ఉంది, నువ్వు కొట్టు పెట్టావా, మీ అక్క మొగుడు కొత్త చొక్కా వేసుకుంటే ఎలా ఉంటాడు, అన్నీ చెబుతుంది. ఫోను పెట్టేశాక రెండు రోజులు ఇల్లంతా పాడుకుంటూ తిరిగేది."

నువ్వు బావ చొక్కాల సంగతి కూడా చెప్పావా?

ఆయన నీ మీద కోపంగా లేడు. నీ గురించి "ఆ టికెట్ల పిల్ల" అంటాడు. ఎన్నిసార్లు తేదీ మార్చమన్నా ఒక్కసారి విసుక్కోలేదట. అది చిన్న సంగతి కాదంటాడు, డిపోలో మనుషుల్ని చూసినవాడు.

ప్లీడరును కలిశాను. మనిద్దరం సంతకం పెడితే ఆయన బతికినన్నాళ్ళు ఈ ఇంట్లో ఉండే హక్కు కాగితం మీదకు వస్తుంది. కాగితం దీంతో పంపుతున్నాను. నీ సంతకం ఎక్కడ పెట్టాలో పెన్సిలుతో గుర్తు పెట్టాను. పెట్టాలో వద్దో నువ్వే ఆలోచించుకో.

పిట్ట


మా ఇల్లు
మే 8

పిట్టకు,

నీ ఉత్తరం ఆఫీసులోనే విప్పాను, బుద్ధి లేక. "పిల్ల అడగలేదయ్యా" దగ్గర ఆగిపోయాను. మేనేజరు జలుబా అని అడిగాడు. అవునన్నాను. మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టి ఇంటికి వచ్చేశాను. ఈసారి అడగ్గానే ఇచ్చారు.

చొక్కాల సంగతి చెప్పాను. అంతకంటే చాలా చెప్పాను. తేదీ మార్చడానికి రెండు నిమిషాలు చాలు. మేం అరగంట మాట్లాడుకునేవాళ్ళం. వెనక లైనులో జనం గొణుక్కునేవాళ్ళు. ఆమె బాధతో తేదీ జరుపుకుంటోందనీ, ఆ బాధ నేను పెట్టిందేననీ ఇన్నేళ్ళూ అనుకున్నాను. నాతో మాట్లాడటానికే చేస్తోందని ఒక్కసారి తట్టి ఉంటే, టికెట్టు లేకుండా నేనే చేసి ఉండేదాన్ని.

సంతకం పెట్టాను. సాక్షిగా మీ బావ పెట్టారు. ఆయన సంతకం గీతకు పైన ఎక్కింది, ప్లీడరు ఏమైనా అంటే క్షమించమను.

ఈ చిన్న కాగితం ఆయనకు చదివి వినిపించు.

"అయ్యా, మీ పేరు మీద ఒక సీటు ఉంది. కిటికీ పక్కది. అది మా పిన్ని అడిగి వేయించింది. సెప్టెంబరు లోపల ఎప్పుడైనా బయలుదేరవచ్చు. ఎన్నాళ్ళుంటారో, ఎప్పుడు తిరిగి వెళ్తారో మీ ఇష్టం, తేదీ నేను ఎన్నిసార్లయినా మారుస్తాను. పదకొండేళ్ళ కిందట మా అమ్మ ఒక మాట అంది, నేను దాన్ని మోసుకొచ్చి మీ ఇంట్లో పెట్టాను. ఇప్పుడు నా మాటగా చెబుతున్నాను. మా ఇంటికి రండి. టికెట్ల పిల్ల."

అక్క


పిన్ని ఇల్లు
మే 20

అక్కకు,

చదివాను. "నీ తలకాయ్" అన్నాడు. ఇక్కడ అది కాదు అని, నీకు తెలుసుగా. లేచి వెళ్ళి అప్పటికే కడిగిన గిన్నెలు మళ్ళీ కడిగాడు. "ఆమె లేకుండా ఆ ఊరు నేనెందుకు చూడాలయ్యా?" అన్నాడు అటు తిరిగే. నేను గుడ్డ తీసుకుని ఆయన కడిగినవి తుడిచి పెట్టాను.

ఆ మర్నాడు ప్లీడరు ఆఫీసులో ఇంటి కాగితం చేతికిచ్చారు. గుమస్తా చదివి చెబుతుంటే ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని బడిపిల్లాడిలా విన్నాడు. ఇంటికి రాగానే గుమ్మం పక్కన ఉన్న రెండు అట్టపెట్టెల తాళ్ళు కోసి, లోపలివన్నీ ఒక్కొక్కటే తీసి ఎక్కడివక్కడ పెట్టాడు. గడ్డం గీసుకునే కప్పు, స్పానర్లు, పిన్నిదీ ఆయనదీ డిపోలో దిగిన ఫొటో. పావుగంట పట్టింది. ఫిబ్రవరి నుంచి ఆయన ఒక గ్లాసు, ఒక కంచం, రెండు జతల బట్టలతో గడిపాడని నాకు అప్పుడు గాని తట్టలేదు. అదే ఇంట్లో ఉంటూ చూడలేదు, చూడు.

నిన్న పొద్దున్న క్యాలెండరు పట్టుకుని నా ముందు కూర్చున్నాడు.

"జూన్ పదకొండు వెళ్దాం. జూలై తొమ్మిది నేను తిరిగి రావాలి."

"ఆ తేదీ మార్చుకోవచ్చు. అక్క రాసిందిగా, మీ ఇష్టం ఉన్నన్నాళ్ళు ఉండొచ్చు" అన్నాను.

"మార్చేది వద్దయ్యా. ఇల్లు లేనివాడు ఎప్పుడొస్తాడో చెప్పక్కర్లేదు. నాకు ఇల్లుంది. తొమ్మిదో తేదీ వస్తానని కింద ఆవిడకు చెప్పాను, డిపోలో చెప్పాను. మీ అక్కకు రాయి, తొమ్మిది అంటే తొమ్మిదే."

నా తేదీ కూడా జూన్ పదకొండుకు మార్చు. ఈసారి నువ్వే మార్చు. బ్యాంకావిడకు చెప్పు, కోటు జూన్ ఆఖరుకు ఇస్తాను.

పిట్ట


టికెట్ల ఆఫీసు
మే 30

పిట్టకు,

మార్చాను. జూన్ 11, ఇద్దరికీ పక్కపక్క సీట్లు. కిటికీ ఆయనది, మధ్యది నీది. ఆయన తిరుగు ప్రయాణం జూలై 9. ఈ రకం టికెట్టు కొని తేదీ మార్చనని పంతం పట్టిన మనిషిని ఇన్నేళ్ళలో ఇప్పుడే చూస్తున్నాను. నేనూ పందెం కాస్తున్నాను, ఒక్కసారైనా మార్పిస్తాను.

ముందు గది ఖాళీ చేయించాను. మీ బావ కొత్త చొక్కా కొనుక్కున్నారు. ఎలా ఉన్నారని అడక్కు. ఆయన తనను ఏమయ్యా అంటే తను ఏమనాలి అని నన్ను రోజూ అడుగుతున్నారు.

నాకూ అదే బెంగ. విమానాశ్రయంలో ఎదురుపడ్డాక ఆయన్ని ఏమని పిలవాలి? "అయ్యా" అని కాగితంలో రాశాను గాని అది ఎదుట అనేది కాదు. పేరు పెట్టి "గారూ" అంటే ఆఫీసులో లైనులో నిలబడ్డవాణ్ణి పిలిచినట్టుంటుంది. నువ్వేమని పిలుస్తున్నావో ఇంతవరకు రాయలేదు.

చేతి సంచీలో ఒక జత బట్టలు పెట్టుకోండి. విమానం దిగాక కంగారు పడకండి, నేను గంట ముందే వచ్చి నిలబడతాను.

అక్క


పిన్ని ఇల్లు
జూన్ 10

అక్కకు,

ఈ ఉత్తరం నీకు చేరేసరికి మేం వచ్చి వారం దాటి ఉంటుంది. నీ ఎదుటే కూర్చుని ఉండగా పోస్టుమాను తెచ్చి నీ చేతికిస్తాడు. అయినా రాస్తున్నాను. నోటితో చెప్పబోతే మధ్యలో ఆగిపోతాను.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. నేను ఆయన్ని ఏమని పిలుస్తున్నానని అడిగావు. నిజం చెప్పాలంటే ఏమనీ పిలవడం లేదు. నాలుగు నెలలుగా "ఇదిగో", "వింటున్నారా", "టీ చల్లారిపోతోంది" అంటూ నెట్టుకొచ్చాను. నువ్వు అడిగేదాకా అది నాకే తెలియలేదు.

ఇందాక సామాను సర్దుతున్నాం. పెట్టె మూత మీద నేను కూర్చున్నాను, ఆయన తాళం వేస్తున్నాడు. ఉన్నట్టుండి అడిగాడు.

"మీ అక్కను నేను ఏమని పిలవాలయ్యా?"

"అమ్మాయ్ అనండి."

"మీ అక్క నన్నేమంటుంది?"

"బాబాయ్ అంటుంది" అన్నాను. ఆలోచించి అన్నది కాదు, నోటికొచ్చేసింది.

తాళం చెవి తిప్పుతున్న చెయ్యి ఆగింది. "అదేంటది?"

అక్కా, ఆయనకు తెలుగులో ఎన్ని తిట్లు వచ్చో నీకు తెలియదు. బస్సులో భాగాలన్నిటికీ పిన్ని పెట్టిన పేర్లు వచ్చు. వానకు, జలుబుకు, దొంగ నిద్రకు, అలకకు మాటలొచ్చు. ఈ ఒక్క మాట మాత్రం తెలియదు. పిన్ని నేర్పలేదు. ఆ మాటతో ఆయన్ని పిలిచేవాళ్ళు ఎవరున్నారు గనక నేర్పడానికి?

"పిన్ని మొగుణ్ణి అలా పిలుస్తారు" అన్నాను.

ఆయన పెట్టె వదిలేసి కిటికీ దగ్గరకు వెళ్ళాడు. డిపోలో సాయంత్రం బస్సులు లోపలికి వస్తున్నాయి. కాసేపు వాటినే చూశాడు. పెదాలు కదిపి ఆ మాట తనలో తను అనుకుంటున్నాడు, బా దగ్గర ఒకసారి, య్ దగ్గర ఒకసారి తడబడుతూ.

తర్వాత ఇటు తిరక్కుండానే, "ఏదీ, ఒకసారి పిలవయ్యా" అన్నాడు.

పిలిచాను.

"ఆఁ" అన్నాడు.

పిట్ట